తెచ్చిన రోజే ప్లగ్గులో పెట్టకండి

మా బామ్మర్ది టోక్యో నుంచి వస్తూ నాకోసం ఒక పాత ఫామికామ్ తెచ్చాడు. 1983 జులై 15న నింటెండో కంపెనీ జపాన్‌లో విడుదల చేసిన ఆటపెట్టె అది. తెలుపూ మెరూనూ కలిసిన ఒళ్లు, రెండు పక్కలా తొట్టెల్లో పడుకోబెట్టినట్టు రెండు రిమోట్లు. రాత్రి పదిన్నరకి శంషాబాద్ నుంచి ఇంటికి చేరాం. పదకొండింటికి దాని అడాప్టర్‌ని హాల్లో సాకెట్టుకి గుచ్చాను. పిన్నులు వేరే ఆకారంలో ఉంటే ఏం, ఫోన్ చార్జర్లకి వాడే మార్పిడి ప్లగ్గు ఉందిగా! రెండు నిమిషాలు కాలేదు, కాలిన వార్నిష్ వాసన.

“ఏమండీ, ఏదో మాడుతున్నట్టుంది” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

మాడింది, జపాన్‌లో అన్నేళ్లు క్షేమంగా బతికిన ట్రాన్స్‌ఫార్మర్. అది 100 వోల్టుల కరెంటున్న దేశంలో పుట్టింది. మన గోడలో ఉండేది 230. ఆ సంగతి నాకు తెలియదా అంటే, ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మా నాయనమ్మ ఊరికే అనేది కాదు. పెట్టె మాత్రం అదృష్టం కొద్దీ బతికి బయటపడింది. ఆ అదృష్టాన్ని నమ్ముకుని మీరు దిగకూడదనే ఈ అధ్యాయం.

నలభై దాటాక చాలామంది ఏదో ఒక సరదాకి మళ్లుతారు. ఒకరు ఫిలిం కెమెరా కొంటారు, ఇంకొకరు రికార్డు ప్లేయరు. ఆటపెట్టె కొన్నవాళ్లది మాత్రం వేరే కథ. వాళ్లకి కొత్త వస్తువు కొన్నట్టుండదు, పోయింది దొరికినట్టు ఉంటుంది. పోయింది దొరికినప్పుడు మనిషి ఆగడు. అందుకే మొదటి వారంలోనే సగం పెట్టెలు పాడవుతాయి, మిగతా సగం అటకెక్కుతాయి. ఇది నా అంచనా, లెక్కలు అడక్కండి.

ముందు మీరు కొన్నదేమిటో తేల్చుకోండి. బొమ్మల దుకాణాల్లో కొత్తగా దొరికే, ఆరు వందల ఆటలు లోపలే ఉన్నాయనే పెట్టెలు చవక నకళ్లు. వాటికి ఈ జాగ్రత్తలేమీ అక్కర్లేదు, అవి ఎన్నాళ్లుంటాయో అంతే. నింటెండోనే 2016లో 30 ఆటలతో విడుదల చేసిన బుల్లి ఎన్ఈఎస్ (ఫామికామ్‌కి అమెరికా పేరు) లాంటివైతే హెచ్‌డిఎంఐ తీగ గుచ్చి ఆడుకోవడమే. పీఎస్2 కొన్నవాళ్లకి కూడా పని తేలికే, ఎందుకంటే మన దేశంలో అమ్మిన పెట్టెలు మన కరెంటుకి చేసినవే. అన్నట్టు పీఎస్2 కొన్నవాళ్లు వీలైతే 2009లో వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ డిస్క్ వెతకండి. దాన్ని చేసింది మన హైదరాబాద్ కంపెనీ అరోనా. గొప్ప ఆటేం కాదు, కానీ మన ఊళ్లో తయారైన పాత ఆట చేతిలో ఉండడం వేరు.

ఇక అసలు ఫామికామ్. మనలో చాలామందికి అది తెలియకుండానే తెలుసు. తొంభైల్లో మన ఊళ్లలో పేరూ ఊరూ లేకుండా అమ్మిన టీవీ గేములు ఎక్కువగా దాని నకళ్లే. మనం క్యాసెట్ అన్నది, జపాన్‌లో పిల్లలు గుచ్చుకున్న అదే 60 పిన్నుల ముక్క. అమెరికాలో అమ్మిన ఎన్ఈఎస్ క్యాసెట్‌కి 72 పిన్నులు, అది దీనికి పట్టదు. అంటే మీ అటక మీద ఎక్కడో దుమ్ము కొట్టుకుపోయి ఉన్న పాత క్యాసెట్ ఈ జపాన్ పెట్టెలో ఆడే అవకాశం బాగా ఉంది. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

మొదటి సాయంత్రం

మొదటి సాయంత్రం కరెంటు జోలికి పోవద్దు. పెట్టెని బల్ల మీద పెట్టుకుని మంచి వెలుతురులో చూడండి. మెల్లగా ఊపి, లోపల వదులు స్క్రూ ఏదైనా గలగలమంటోందేమో వినండి. క్యాసెట్ గాడి మీది మూత పూర్తిగా తెరుచుకుంటోందా, క్యాసెట్‌ని పైకి నెట్టే మీట కదులుతోందా? బటన్లన్నీ ఒక్కొక్కటి నొక్కి వదిలి, వెంటనే పైకి లేస్తున్నాయో లేదో చూడండి. ఎ, బి బటన్లు గుండ్రంగా కాక చదరంగా రబ్బరుతో ఉంటే మీ దగ్గరున్నది తొలి విడతల పెట్టె. ఆ రబ్బరు బటన్లు నొక్కుకుపోయి ఇరుక్కుంటున్నాయని తర్వాత గుండ్రటి ప్లాస్టిక్‌కి మార్చారు. సేకరించేవాళ్లకి చదరం ముద్దు, ఆడేవాళ్లకి గుండ్రటివే హాయి.

రెండో రిమోట్‌ని ప్రత్యేకంగా చూడండి. దానికి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు. వాటి చోట చిన్న మైకు ఉంటుంది. విరిగిపోయాయని అమ్మినవాడితో గొడవకి దిగకండి, పుట్టుకే అంత. 1986లో జపాన్‌లో వచ్చిన జెల్డా ఆటలో పెద్ద చెవుల రాక్షసులుంటాయి, ఆ మైకులో అరిస్తే చస్తాయి. మా అమ్మాయి ఈ ఒక్క ముక్క విని, పెట్టెకి కరెంటు లేకపోయినా అరగంట అరిచింది.

ఇప్పుడు అడాప్టర్ కథ. దాని వీపు మీద జపనీస్ అక్షరాల మధ్య అంకెలుంటాయి. తీసుకునేది 100 వోల్టుల ఏసీ, ఇచ్చేది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లు. దాన్నే వాడాలనుకుంటే 230ని 100కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. అది బరువు, ఖర్చు, దండగ. జపాన్ అడాప్టర్‌ని గుర్తుగా డబ్బాలో దాచి, ఇక్కడి కరెంటుకి పనికొచ్చే 9 వోల్టుల డీసీ అడాప్టర్ కొనండి. ఒక ఆంపియరు ఇవ్వగలిగేదైతే చాలు. పెట్టె లోపల రెగ్యులేటర్ ఉంటుంది, అది ఎలాగూ దాన్ని 5 వోల్టులకి దించుకుంటుంది.

అయితే ఒక మెలిక ఉంది. ఇంట్లో వైఫై రూటర్ అడాప్టర్లు సాధారణంగా లోపలి గుంట ప్లస్, బయటి రేకు మైనస్. ఫామికామ్‌కి సరిగ్గా తలకిందులు, లోపల మైనస్, బయట ప్లస్. మొన మాత్రం చక్కగా దూరిపోతుంది! అడాప్టర్ వీపు మీద చిన్న బొమ్మ ఉంటుంది, నడిమి చుక్క నుంచి ఒక గీత, చుట్టూ ఉన్న వంపు నుంచి ఒక గీత. చుక్క గీత మైనస్ గుర్తు దగ్గరికి వెళ్లాలి. అలాంటివి ఎలక్ట్రానిక్స్ కొట్లో అడిగితే ఎక్కువసార్లు అడ్డంగా తల ఊపుతారు. సంగీత వాయిద్యాల కొట్టుకి వెళ్లి గిటార్ పెడల్ అడాప్టర్ అడగండి. పెడళ్లకి వాడేది మామూలుగా ఇదే రకం, 9 వోల్టులు, నడుమ మైనస్. ఎన్ని ఆంపియర్లో మాత్రం చూసుకోండి, చిన్నవి చాలవు. మా ఇంట్లో వాసన వచ్చిన మూడు వారాలకి ఈ సంగతి తెలిసింది. అప్పటిదాకా కోఠీలో ఎన్ని కొట్లు ఎక్కి దిగానో!

అమెరికాలో ఉన్న చుట్టాలెవరైనా “మా దగ్గర ఎన్ఈఎస్ అడాప్టర్ పడుంది, పంపిస్తాం” అంటే దండం పెట్టి వద్దనండి. అది ఇచ్చేది డీసీ కాదు, ఏసీ. ఎన్ఈఎస్ తట్టుకుంటుంది, ఫామికామ్ తట్టుకోదు.

తొందర వద్దన్నాను కానీ వాయిదా వేయమనలేదు. ఇంటర్నెట్‌లో కొన్నదైతే వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, పార్సిల్ విప్పేటప్పుడే ఫోన్‌లో వీడియో తీసి, గడువు లోపలే పరీక్షలన్నీ ముగించండి.

టీవీ దగ్గర తకరారు

అసలు తలనొప్పి ఇక్కడ. 1983 నాటి ఫామికామ్‌లోంచి పసుపు, తెలుపు, ఎరుపు తీగలు రావు. అది ఒక చిన్న టీవీ స్టేషన్ లాగా జపాన్ లెక్కలో ఒకటో రెండో చానల్ మీద బొమ్మని పంపుతుంది. ఆ చానళ్లు 90 నుంచి 102 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి. మనకి అక్కడ ఎఫ్ఎం రేడియో పాడుతోంది. మన పాత టీవీ ఎలాగో తిప్పి తిప్పి బొమ్మ పట్టుకున్నా శబ్దం రాదు. బొమ్మకీ శబ్దానికీ మధ్య వాళ్లు వదిలే దూరం 4.5 మెగాహెర్ట్జ్, మన పద్ధతిలో 5.5. నేను ఆదివారమంతా యాంటెన్నా తీగ పట్టుకుని కూచుని, చివరికి మారియో మూకాభినయం చూశాను.

దారులు రెండు. 1993 డిసెంబరులో నింటెండో ఇదే పెట్టెని ఏవీ తీగలు పెట్టుకునే వీలుతో మళ్లీ చేసి అమ్మింది, కొనబోయేవాళ్లు అది కొనుక్కోండి. ఇప్పటికే పాతది కొనేసినవాళ్లు చెయ్యి తిరిగిన టీవీ మెకానిక్ చేత ఏవీ మార్పు చేయించుకోండి. పాత టీవీలు బాగుచేసి జుట్టు నెరిసిన మనిషైతే మేలు. పెట్టెలోని చిప్పు నుంచి బొమ్మ సంకేతాన్ని తీసి, చిన్న యాంప్లిఫయరు దాటించి బయటికి తేవడమే పని. తీగలు పెట్టడానికి కొత్త రంధ్రం వేయొద్దని ముందే చెప్పండి, ఉన్న రంధ్రంలోంచే తీయొచ్చు.

తీగలొచ్చాక బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే కంగారు పడకండి. జపాన్ పెట్టె ఎన్‌టిఎస్‌సి పద్ధతిలో రంగులు పంపుతుంది, మనది పాల్ పద్ధతి. టీవీ మెనూలో కలర్ సిస్టమ్ అని ఉంటుంది, అది ‘ఆటో’కి మార్చండి. పాల్ మాత్రమే తెలిసిన బాగా పాత టీవీ అయితే రంగుల మీద ఆశ వదులుకోవాలి.

ఇప్పటి పలక టీవీలో ఇంకో చిక్కు. వచ్చిన బొమ్మని అది పెంచి, నునుపు చేసి, ఆ తర్వాత చూపిస్తుంది. ఫామికామ్ సెకనుకి సుమారు 60 బొమ్మలు పంపుతుంది. టీవీ మూడు బొమ్మల పాటు ఆలోచించిందంటే మీ చేతికీ మారియో కాళ్లకీ మధ్య సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యం. సినిమా చూసేటప్పుడు అది ఎవరికీ తెలియదు, గుంట అంచున దూకేటప్పుడు తెలుస్తుంది. సెట్టింగుల్లో గేమ్ మోడ్ వేయండి. బొమ్మ నిష్పత్తి 4:3 పెట్టండి, లేకపోతే మారియో ఇంటల్లుడిలా అడ్డంగా పెరిగి కనిపిస్తాడు. ఇవి చేయకుండా ‘వయసైపోయింది, చేతులు రావట్లేదు’ అని బాధపడేవాళ్లని చూశాను. తప్పు చేతులదా టీవీదా అని తేలేదాకా మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

లావు పిక్చర్ ట్యూబ్ టీవీ ఉంటే ఇంత బాధ లేదు. ఊళ్లో అమ్మమ్మ ఇంట్లోనో, పాతసామాన్ల కొట్లోనో అడగండి. వెనక మూత మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసేశాక కూడా ట్యూబు దగ్గర ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

తుపాకీతో బాతుల్ని కొట్టే ఆట గుర్తుందా? 1984 నాటి డక్ హంట్. అది ఆడాలంటే పిక్చర్ ట్యూబ్ తప్పనిసరి. ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడుతుంది, మరుక్షణం బాతున్న చోట మాత్రం తెల్లటి చతురస్రం వెలుగుతుంది. తుపాకీలోంచి బయటికి వెళ్లేదేమీ లేదు. దాని మూతిలో వెలుగుని పసిగట్టే కన్ను ఉంటుంది, ఆ తెలుపుని అది చూసిందా లేదా అన్నదే లెక్క. పలక టీవీ ఆ తెలుపుని ఆలస్యంగా చూపించేసరికి పెట్టె ‘గురి తప్పింది’ అని తీర్పు చెప్పేసి ఉంటుంది. చిన్నప్పుడు మా వీధిలో ఒకడు తుపాకీని బల్బు వైపు పెట్టి కొడితే గెలవొచ్చని కనిపెట్టాడు. నకలు పెట్టెల్లో ఆ కిటుకు కొన్నిసార్లు పనిచేసేది కూడా. ఇప్పుడు వాడెక్కడున్నాడో!

క్యాసెట్ గుచ్చగానే తెర బూడిదరంగుగా ఉండిపోతే మన చెయ్యి అలవాటుగా దాన్ని లాగి నోటి దగ్గరికి తీసుకెళుతుంది. ఊదకండి. ఊపిరిలో తేమ ఉంటుంది, రాగి పిన్నుల మీద అది మెల్లగా చిలుము పట్టిస్తుంది. మరి అప్పట్లో ఊదితే పనిచేసేదిగా అంటారు. ఊదినందుకు కాదు, తీసి మళ్లీ గుచ్చినందుకు. రెండోసారి పిన్నులు ఇంకోలా ఆనేవి. మందుల షాపులోనో ఎలక్ట్రానిక్స్ కొట్లోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి, నీళ్ల పాలు తక్కువున్నది. దూది పుల్లని ముంచి పిన్నుల మీద నిలువుగా రుద్దండి. నల్లగా వస్తుంది. పుల్ల తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి రుద్ది, పది నిమిషాలు ఆరనివ్వండి. ఇదే క్యాసెట్‌ని నాలుగైదుసార్లు పెట్టి తీస్తే పెట్టె లోపలి పిన్నులు కూడా కొంత శుభ్రపడతాయి. క్యాసెట్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ పవర్ ఆపే ఉండాలి.

ఒక్క క్యాసెట్

ఇంతవరకూ వచ్చారంటే పెట్టె ఆడుతోంది. ఇప్పుడు పర్సు ఆడడం మొదలవుతుంది. ఫామికామ్‌కి వెయ్యికి పైగా ఆటలొచ్చాయి. మెమరీ కార్డులో వాటన్నిటినీ నింపుకునే క్యాసెట్లు కూడా దొరుకుతున్నాయి. మొదటి నెల అవేవీ కొనొద్దు. నేను కొన్నాను. వారంలో నూటపాతిక ఆటలు తెరిచాను, ఒక్కదానిలోనూ రెండో స్టేజి చూడలేదు. మనం చిన్నప్పుడు బాగా ఆడామంటే తెలివి ఎక్కువై కాదు, ఇంట్లో ఉన్నది ఒక్క క్యాసెట్ అయి. కాబట్టి నెలంతా ఒకటే ఆట. ఏది అని అడిగితే సూపర్ మారియో బ్రదర్స్ అంటాను, 1985 సెప్టెంబరు 13 నాటిది. మొత్తం ఆట 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మ దానికన్నా పెద్దది.

దాన్ని తయారుచేసిన షిగేరు మియమోటో బృందం ఆ మొదటి స్టేజిలోనే పాఠాలన్నీ పెట్టేసింది. మారియో తెరకి ఎడమవైపు నిలబడి ఉంటాడు, కుడివైపు ఖాళీ. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పక్కర్లేదు. పుట్టగొడుగు శత్రువు ఎదురొస్తుంది, తాకితే చస్తారు, రెండోసారి దూకుతారు. మేలు చేసే పుట్టగొడుగు గొట్టానికి తగిలి వెనక్కి తిరిగి మీ మీదికే వస్తుంది. దానికి భయపడి తప్పుకోబోయినా తగులుతుంది, మీరు పెద్దవుతారు. నేను చూసిన చాలా శిక్షణ తరగతులకి ఈ ఒక్క స్టేజిలో ఉన్నంత ఓర్పు లేదు.

పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. చచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక ముక్క రాయండి. నా మొదటి పేజీలో ‘రెండో గుంట’ అని పదకొండుసార్లుంది. పదకొండోసారి రాస్తుంటే కారణం తట్టింది, దూకే ముందు బి మీద నుంచి వేలు తీసేస్తున్నాను. పరుగు తగ్గితే దూకుడూ తగ్గుతుంది. బొటనవేలి కొనతో బి పట్టి ఉంచి, అదే వేలి కణుపుని వాల్చి ఎ నొక్కాలి. ఎ ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు. ఇది వేలికి పట్టడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది, మా అమ్మాయికి ఒక పూట.

“నాన్నా, సేవ్ ఎక్కడ?” అంది.

“లేదమ్మా.”

“మరి చచ్చిపోతే?”

“మొదటి నుంచి.”

ఇంట్లో బాత్రూమ్ లేదన్నట్టు చూసింది నన్ను. అలాంటివాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. గేమ్ ఓవర్ అయ్యాక మొదటి తెర వచ్చినప్పుడు ఎ పట్టుకుని స్టార్ట్ నొక్కితే, చచ్చిన ప్రపంచం మొదటి స్టేజి నుంచి ఆడొచ్చు. పవర్ ఆపితే అదీ పోతుంది. రోజుకి మూడు గేమ్ ఓవర్లు చాలు, నాలుగోది కోపంతో ఆడేదే.

నెల తిరిగాక రెండో క్యాసెట్. సేవ్ ఉండే ఆట కొంటే దాని లోపల గుండీ బ్యాటరీ ఉందని గుర్తుంచుకోండి. 1988 నాటి డ్రాగన్ క్వెస్ట్ 3 లాంటివాటిలో ఆట గుర్తుండేది దాని పుణ్యమే. ఇన్నేళ్లకి ఆ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. టంకం వేసి మార్చాలి, ఏవీ మార్పు చేసిన మెకానిక్కే చేస్తాడు. మారుస్తుంటే పాత సేవ్ పోతుంది, అందులో ఎవరో జపాన్ పిల్లవాడి పేరుంటే ఒకసారి చూసి ఆ తర్వాతే తీయించండి.

నా రెండో క్యాసెట్ కొన్నది కాదు. దసరాకి తెనాలి నుంచి మా తమ్ముడు వస్తూ అటక మీది అట్టపెట్టెలోంచి తెచ్చాడు. పసుపు ప్లాస్టిక్, చిరిగిన లేబుల్ మీద ‘64 ఇన్ 1’. పన్నెండు దూది పుల్లలు నల్లబడ్డాయి. రెండుసార్లు బూడిదరంగు తెరే వచ్చింది, మూడోసారి పట్టిక లేచింది. తమ్ముడు కిందికి దిగుతూ లెక్కపెట్టాడు. అరవై నాలుగులో అసలు ఆటలు తొమ్మిది, మిగిలినవన్నీ అవే, ఒకటి మూడో స్టేజి నుంచి, ఒకటి ఎక్కువ లైఫులతో.

“కాంట్రా పెట్టన్నయ్యా” అంటూ రెండో రిమోట్ అందుకున్నాడు. ఎప్పుడూ వాడిది అదే రిమోట్. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, బొటనవేలితో మైకు మీద తడిమాడు.

“దీనికి స్టార్ట్ లేదేంటి? ఇప్పుడు కూడా నువ్వే మొదలెట్టాలా?”